పద్నాలుగు ఇళ్ల వీధి

శనివారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు, రొంపిచెర్ల మండలంలోని ఒక మిరప కల్లంలో, వీరయ్య తన బావమరిది ధనుంజయరావును గొడ్డలితో రెండుసార్లు కొట్టాడు. మొదటి దెబ్బ కుడి ముంజేతికి తగిలింది. రెండోది భుజానికి. ధనుంజయరావు ఎండబోసిన కాయల మీద పడ్డాడు.

వీరయ్య భార్య నాగేంద్రమ్మ ధనుంజయరావుకు సొంత అక్క. ఆమె అప్పుడు పది అడుగుల దూరంలో నిలబడి ఉంది. వీరయ్య కొడుకు జయకృష్ణ, ధనుంజయరావు కూతురు ఇంద్రజ భార్యాభర్తలు. మేనరికం. పెళ్లయి ఏడేళ్లు. రెండేళ్లుగా స్కాట్లాండ్‌లో సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఉంటున్నారు. మూడు వారాల కిందట అక్కడి పోలీసులు జయకృష్ణను అరెస్టు చేశారు. భార్యను కొట్టాడన్నది కేసు.

ఆ ఉదయం ధనుంజయరావు ఆరింటికే కల్లానికి వచ్చాడు. మంచు తడి ఆరాక కాయలు తిరగేశాడు. ఏడున్నరకు బైకు మీద అక్కాబావా వచ్చారు.

"టీ పోయనా బావా?" అని అతను ఫ్లాస్కు తీశాడు.

"టీకి రాలా. సంతకానికి వచ్చా."

వీరయ్య జేబులోంచి స్టాంపు కాగితం తీశాడు. నరసరావుపేటలో ఒక లాయరు గుమస్తా రాసిచ్చాడు. ఆలుమగల తగాదా పెద్దల సమక్షంలో రాజీ అయిందని, ఇంద్రజ కేసు వాపసు తీసుకుంటోందని అందులో ఉంది. కూతురి తరఫున తండ్రి సంతకం పెట్టాలి. దాన్ని ఫొటో తీసి స్కాట్లాండ్ పోలీసులకు పంపితే సరిపోతుందని గుమస్తా చెప్పాడు.

"ఈడ సంతకం పెడితే ఆడ కేసు పోదు బావా. అక్కడి పద్ధతి వేరు."

"ఏంది వేరు? పోలీసు ఎక్కడైనా పోలీసే. రెండు పక్షాలూ కూర్చుని సంతకాలు పెడితే మన స్టేషన్లో ఎన్ని కేసులు పోలా? నువ్వు చూళ్లా?"

"చూశా."

"మరింకేంది నీ నొప్పి?"

"నీ కొడుకు దాని దవడ విరగ్గొట్టాడు. అదీ నొప్పి."

"మొగుడన్నాక ఒక దెబ్బ వేస్తాడు. దానికి జైల్లో పెట్టిస్తారంట్రా? రేపు నలుగురిలో నేను ఎట్టా కూర్చోవాల?"

"కూర్చోమాక. నిలబడు."

వీరయ్య మీదికి రాబోయాడు. నాగేంద్రమ్మ మధ్యలోకి వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, పెట్టరా. నా మొహం చూసి పెట్టు."

"నీ మొహం చూసే పెట్టనంటన్నా అక్కా."

ఆ మాటకు వీరయ్య పక్కకు తిరిగాడు. కంప కొట్టడానికి తెచ్చిన గొడ్డలి కల్లం అంచున ఉంది. తీసుకుని వచ్చాడు.

రెండు దెబ్బలయ్యాక గొడ్డలి కింద పడేశాడు. బైకు దగ్గరికి నడిచి, వెనక్కి చూడకుండా భార్యతో చెప్పాడు: "ట్రాక్టరు మీంచి పడ్డాడని రాయించు."

నాగేంద్రమ్మ పైటకొంగు చించి తమ్ముడి చేతికి కట్టింది. రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఆపింది. నరసరావుపేట చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. దారిలో కట్టు రెండుసార్లు మార్చింది. రెండోసారి కట్టడానికి ఆటోడ్రైవరు తన తువ్వాలు ఇచ్చాడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. మూడు వేళ్లకు వెళ్లే నరాలు తెగాయి. ఆపరేషన్ రెండు గంటలకు అన్నారు. అంతవరకూ అతన్ని వరండాలో స్ట్రెచర్ మీద ఉంచారు. పన్నెండున్నరకు నాగేంద్రమ్మ ఇంద్రజకు వీడియో కాల్ చేసింది. స్కాట్లాండ్‌లో అప్పుడు ఉదయం ఏడు.

ఇంద్రజ ఆ పల్లెలో వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు. వీసా ఆమె పేరు మీద వచ్చింది. ఆ ఉద్యోగం వదిలితే అదీ పోతుంది. ఊళ్లో ఒక కొట్టు, ఒక చర్చి ఉన్నాయి. బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది, ఆదివారం రాదు. వాళ్ల వీధిలో పద్నాలుగు ఇళ్లు. ముందు వైపు సముద్రం. వెనక అందరికీ కలిపి ఒక పచ్చిక, బట్టలు ఆరేసుకోవడానికి. గాలికి ఎగిరిపోకుండా ఒక్కో చీరకు ఎనిమిది క్లిప్పులు పెట్టాలి. పచ్చిక చుట్టూ ఉన్న ఇళ్ల వంటగది కిటికీలు దానిలోకే తెరుచుకుంటాయి. ఎవరూ తెరలు వేసుకోరు.

జయకృష్ణ నాలుగు నెలలు చేపలు ప్యాక్ చేసే షెడ్డులో పనిచేశాడు. చలికాలం షెడ్డు మూసేశారు. తర్వాత ఇంట్లోనే ఉన్నాడు. మనవాళ్లు ఉండే పెద్ద ఊరికి పోదామన్నాడు. వీసా గడువు తీరేదాకా కదలలేమని ఇంద్రజ చెప్పింది. అక్టోబరులో మొదటిసారి కొట్టాడు. డిసెంబరుకి అది వారానికి ఒకసారి అయింది.

"ఈ ఊళ్లో చచ్చినా పలకరించే దిక్కు లేదు" అనేవాడు. పలకరించని వాళ్లు పట్టించుకోరనుకున్నాడు. పల్నాడులో గోడ అవతల వాళ్లు అరుపులు విని ఊరుకుంటారు. ఇక్కడ అసలు వినేవాళ్లే లేరనుకున్నాడు.

పచ్చికకు అవతలి ఇంట్లో షీనా ఉంటుంది. డెబ్బై రెండేళ్లు. ముప్పై ఏళ్లు ఆ ఊళ్లో ఉత్తరాలు పంచింది. ఇంద్రజ ముఖం మీద వాపు కనిపించినప్పుడల్లా ఏమీ అడగకుండా సూప్ తెచ్చిచ్చి వెళ్లేది. ఫిబ్రవరి 21న ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు జయకృష్ణ ఇంద్రజ జుట్టు పట్టుకుని ముఖాన్ని వంటగది సింకు అంచుకు రెండుసార్లు కొట్టాడు. కూతురు వర్షిణి బల్ల దగ్గర పాలు తాగుతోంది. షీనా తన కిటికీలోంచి చూసింది. ఫోన్ చేసింది. పోలీసులు ఇరవై ఆరు నిమిషాల్లో వచ్చారు. జయకృష్ణ తలుపు తీసి, పడిందని చెప్పాడు.

అప్పటి నుంచి అత్తాకోడళ్లు మాట్లాడుకోలేదు. కాల్ కలవగానే నాగేంద్రమ్మ ఫోన్‌ను స్ట్రెచర్ వైపు తిప్పింది.

"చూడవే. మీ మామ మీ నాన్న చెయ్యి నరికాడు. నీ మొండితనం ఎక్కడిదాకా తెచ్చిందో చూడు!"

"నాన్న ప్రాణానికి..."

"ప్రాణం ఉంది. చెయ్యే ఉంటదో లేదో. ఇప్పటికన్నా కేసు వాపసు తీసుకోవే తల్లీ!"

ఇంద్రజ పళ్లు తెరవకుండా మాట్లాడింది. దవడ కదలకుండా పళ్లకు తీగలు కట్టారు.

"నేను కేసు పెట్టలేదత్తయ్యా."

"అబద్ధాలాడమాక."

"వెనకింటావిడ ఫోన్ చేసింది. పోలీసులకు నేను పడ్డాననే చెప్పా. కేసు వద్దని రెండు ఉత్తరాలు రాశా. కేసు నాది కాదంట, ప్రభుత్వానిదంట. వాపసు తీసుకునే హక్కు నాకు లేదన్నారు. నాన్నకు చెప్పా. మీకు చెప్పలేదా?"

నాగేంద్రమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"నీకు తెలుసంట్రా?"

"తెలుసు."

"ఆ ముక్క ఆయనతో అంటే కాయితం మడిచి జేబులో పెట్టుకునేవాడు గదరా!"

"పద్ధతి వేరన్నా, నమ్మాడా?" ధనుంజయరావు కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "దవడ విరిగిన పిల్ల మొగుణ్ని వదిలెయ్యమని ఆళ్లను బతిమాలిందని, నీ మొగుడి ముందు నా నోటితో ఎట్టా చెప్పాలక్కా?"

నాగేంద్రమ్మ గోడకు ఆనుకుంది. ఫోన్ మళ్లీ ముఖం ముందుకు తెచ్చుకుంది.

"పోనీ, కోర్టులో అడిగితే పడ్డానని చెప్పు. అదన్నా నీ చేతిలో ఉందా?"

"ఉంది. జూన్ తొమ్మిదిన అడుగుతారు."

"చెప్పవే. నీకు దణ్ణం పెడతా. వాడు నీ బావ. నీ బిడ్డ తండ్రి."

"మొన్నటిదాకా అదే చెబుదామనుకున్నా. నిన్న స్కూల్లో టీచరు వర్షిణిని అడిగిందంట, మీ అమ్మకు ఏమైందని. మా అమ్మ ఎప్పుడూ పడుతుంటది అందంట. ఆరేళ్లు దానికి. ఏడవకుండా చెప్పిందంట."

నాగేంద్రమ్మ ఫోన్‌ను రెండో చేతిలోకి మార్చుకుంది.

"మీరు బోరింగు దగ్గర పడ్డారని చిన్నప్పుడు నాకు చెప్పారు. నేను నమ్మా అత్తయ్యా. చానా ఏళ్లు నమ్మా."

నాగేంద్రమ్మ పైవరసలో ముందరి రెండు పళ్లు పెట్టుడువి. ముప్పై మూడేళ్ల కిందట వీరయ్య రోకలితో కొడితే ఊడాయి. అప్పుడు ఆమె పుట్టింటికి వచ్చి పదకొండు రోజులు ఉంది. పన్నెండో రోజు పెద్దలు మాట్లాడి తిప్పి పంపారు.

"ఆ రోజు నిన్ను బస్సెక్కించి ఆడ దింపొచ్చింది నేనే అక్కా" అన్నాడు ధనుంజయరావు. "నువ్వు దిగనన్నావు. బస్సులోంచి చెయ్యి పట్టుకుని దింపా. ఈ చేత్తోనే."

నాగేంద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. స్ట్రెచర్ అంచు మీద తల ఆనించింది. అతను ఎడమ చెయ్యి ఆమె తల మీద వేశాడు.

ఒంటి గంటకు ఆసుపత్రి ఔట్‌పోస్టు నుంచి హెడ్ కానిస్టేబుల్ దానియేలు వచ్చాడు. ఫోన్ ఇంకా కలిసే ఉంది.

"ఎట్టా జరిగింది పెద్దమ్మా? ట్రాక్టరు మీంచి పడ్డాడని మీ ఇంటాయన ఫోన్ చేశాడు."

"పడలా."

"మరి?"

"నా మొగుడు వీరయ్య గొడ్డలితో కొట్టాడు. రెండు దెబ్బలు. నేను చూశా."

దానియేలు పెన్ను ఆపాడు. "ఆలోచించుకో. ఇది హత్యాయత్నం కింద పోద్ది. రేపు ఇంటికి పోయాక రాజీ అంటే నా చేతిలో ఉండదు."

"ఎవురి చేతిలోనూ ఉండక్కర్లా. అట్టాగే రాసుకో నాయనా."

ఆమె వాంగ్మూలం ఒకటిన్నర పేజీ వచ్చింది. దానియేలు చదివి వినిపించాడు. ఆమె ఒక చోట ఆపించి, 'గొడవలో తగిలింది' అని రాసిన మాట కొట్టేయించింది. సంతకం చేసింది. ఇంద్రజ అంతా విని, డ్యూటీకి టైమైందని చెప్పి కాల్ పెట్టేసింది.

సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు మాచర్ల బస్టాండులో వీరయ్యను పోలీసులు పట్టుకున్నారు.

ఆదివారం ఉదయం జయకృష్ణ తల్లికి ఫోన్ చేశాడు. బెయిలు మీద ఉన్నాడు. భార్య ఉండే వీధికి వెళ్లకూడదన్నది షరతు.

"నాయన్ని పట్టించింది నువ్వేనంటగా?"

"నువ్వు కొట్టావా?" అని నాగేంద్రమ్మ అడిగింది.

"అమ్మా, అదే పడింది..."

ఆమె కాల్ కట్ చేసింది. మొత్తం మాట్లాడింది పదకొండు సెకన్లు.

ధనుంజయరావు చెయ్యి తీసేయాల్సిన అవసరం రాలేదు. రెండు వేళ్లు ముడుచుకోవు. ఆసుపత్రి నుంచి వచ్చాక నాగేంద్రమ్మ తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. అన్నం ఆమే కలిపి పెడుతుంది. ఉప్పు చాలలేదని అతను అంటే, రెండో చేత్తో వేసుకోమంటుంది.

జూన్ 9న షీనా తన కారులో ఇంద్రజను కోర్టుకు తీసుకెళ్లింది. ఇంద్రజ నలభై నిమిషాలు సాక్ష్యం చెప్పింది. ఫిబ్రవరి 21న మీరు పడ్డారా అని జయకృష్ణ తరఫు లాయరు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆమె లేదని చెప్పింది.