రెండు దెబ్బల జవాబు

మధురానగర్ వెనక మురికినీటి నాలా దగ్గర మధ్యాహ్నం మూడింటికే చీకటి కమ్మింది. మైత్రీవనం వైపు నుంచి నల్లటి మబ్బు దిగుతోంది. పూడిక తీసేవాళ్లలో భూలక్ష్మి ఒక్కతే ఆడమనిషి, పైగా అందరిలోకీ మొండిది. ఆ మొండితనానికి కారణముంది. నాలా మీద కప్పిన స్లాబు కింద మట్టి మేట వేయడంతో నీళ్లు దారిలేక పక్కకు మళ్లి గట్టును కోసేస్తున్నాయి. ఆ గట్టు మీదే ఆమె ఒంటరిగా ఉండే ఇల్లు. నిరుటి వానకు వంటింటి గోడదాకా తెగింది. ఈ పూట పూడిక కదలకపోతే ఇల్లు మిగలదు.

ఆ పనిలో ఒక పద్ధతుంది. స్లాబు మూత పెట్టేముందు పైనుంచి గడ్డపారతో ఒక దెబ్బ వేస్తారు. లోపల మనిషుంటే రెండు దెబ్బలు కొట్టాలి. అలా జవాబొస్తే మూత వేయరు.

వానొస్తోందని సూపర్‌వైజర్ కృష్ణమోహన్ పని ఆపించాడు. దిగిన నలుగురూ పైకొచ్చేశారు. వాళ్లలో ఒకడైన దినేశ్ అలవాటుకొద్దీ ఒక దెబ్బ వేశాడు.

లోపలి నుంచి... టక్. టక్.

కుళ్లిన బురద వాసన గుప్పుమంది.

"మూసెయ్యండి, వెళ్లిపోదాం," అని గొణిగాడు కృష్ణమోహన్.

భూలక్ష్మికి ఒళ్లు మండింది. "దెయ్యమైతే ఏంది సార్? ఇల్లు పోతే మీరు కట్టిస్తరా?" అని పార అందుకుని దిగిపోయింది.

లోపల నడుం వంచితేనే నడక. తలకు కట్టుకున్న లైటు రెండడుగుల అవతలికి పోవడం లేదు. పారతో మట్టి లాగింది. పక్కన... ఇంకో పార చప్పుడు. తను ఆగితే అదీ ఆగింది. ఊపిరి మాత్రం ఒక్కరిదే వినిపిస్తోంది.

అయినా వెనక్కి తిరగలేదు.

"ఎవలవైతే ఏంది," అంది పళ్లు బిగించి. "ఆపకు. తవ్వు."

పక్కన పార మళ్లీ కదిలింది. తనూ తవ్వింది.

ఎంతసేపో తెలీదు. ఒక్కసారిగా మట్టి జారి, నీళ్లు కాళ్ల మధ్య నుంచి తిన్నగా దూసుకెళ్లాయి. భూలక్ష్మికి ఏడుపొచ్చేంత సంతోషమైంది. పైకొచ్చి చూస్తే గట్టు నిలిచింది, ఇల్లు నిలిచింది.

దినేశ్ మాత్రం ఆమెను చూసి కొయ్యబారిపోయాడు.

"అక్కా... నువ్వు ఇందాకనే పైకొచ్చినవు గదా. ఇంటికి పోయినవు..."

స్లాబు నుంచి ఆమె గుమ్మందాకా బురద అడుగులున్నాయి. తలుపుకు లోపల గడియ పడి ఉంది. భూలక్ష్మి తలుపు మీద చెయ్యి వేసింది.

"గిది నా ఇల్లు. తియ్యి."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. తలుపవతల, చాలా దగ్గర్నుంచి, అచ్చం భూలక్ష్మి గొంతే పలికింది.

"నేను గూడ తవ్విన గదా."