ఆయిస్టర్లకు తగని సీసా

చనిపోయిన అన్న జేబులో దొరికింది ఒక్కటే, ఒక వైనూ, తినే ఆల్చిప్పలూ రాసిన హోటల్ ఆర్డర్ చీటీ. ‘ఓక్ షార్డొనే. పచ్చి ఆయిస్టర్లు.’ కింద అన్న చేతిరాత: ‘ఇదేం జోడీ?’

పదేళ్లు హోటల్లో వైన్ వడ్డించే స్టీవర్డ్ వేషంలో విదేశీ ముఠాను కనిపెట్టుకుని ఉన్న గూఢచారి అన్న. ఆ జోడీ మీద అనుమానమొచ్చి గ్లాసు రుచి చూశాడు. అంతే, అందులోని విషం ప్రాణం తీసింది. ఆర్డరిచ్చిన మనిషి ఎవరో తెలియలేదు. తమ్ముడు ఏజెంట్ నైన్ మూడు నెలలుగా ఆ చీటీని పర్సులో మోస్తున్నాడు.

“మన కోడ్‌మాస్టర్ ఇవాళ లంచ్‌కి వస్తాడు,” అన్నాడు చీఫ్. “ముఠా కోడ్ విప్పింది ఆయనే. సాయంత్రం కమిటీ ముందు పేర్లు చెప్తాడు. ఈలోపే లేపేస్తారని కబురు. స్టీవర్డ్‌గా వెళ్ళు.”

“ఆయన పక్కన ఎవరుంటారు?”

“మన లేడీ ఏజెంట్. నీలం గౌను. పాస్‌వర్డ్ ‘వెన్న కరిగింది’.”

“మా అన్నని చంపినవాడు దొరికితే?”

“ప్రాణాలతో కావాలి. పగ ఇంట్లో పెట్టి వెళ్ళు.”

గుమ్మం దగ్గర వదిలి రావడానికి పగేమైనా గొడుగా? నైన్ పళ్ళు బిగించి తెల్ల గ్లవ్స్ తొడుక్కున్నాడు.

కిటికీ పక్క టేబుల్. బట్టతల కోడ్‌మాస్టర్ నకనకలాడే ఆకలితో ఉన్నాడు. ఎదురుగా నీలం గౌను నవ్వింది. ఆ నవ్వుకి పక్క టేబుల్ మీద ఫోర్కు ఆగిపోయింది.

“వెన్న కరిగింది,” అంది మెల్లగా. సంచీలోంచి సీసా తీసింది. “నా సొంత సీసా. ఓక్ షార్డొనే. ఐసులో బాగా చల్లబరచండి. దాంతో పచ్చి ఆయిస్టర్లు.”

నైన్ సీసా అందుకున్నాడు. పర్సులోని చీటీలో ఉన్నదీ ఇదే జోడీ.

అన్న మొట్టికాయలు వేసి మరీ నేర్పిన పాఠం అది. “ఓక్ పీపాలో పండిన షార్డొనే అంటే వెన్న, వెనిలా వాసనరా. వెన్నలో వేయించిన రొయ్యకో, క్రీమ్ వేసిన కోడికో తోడు. పచ్చి ఆయిస్టర్‌కి పీపా ముఖం చూడని, పుల్లటి షార్డొనే ఇవ్వాలి. అటుదిటు చేశావా, నోట్లో ఇనుము కొరికినట్టుంటుంది.”

నైన్‌కి ఇప్పుడర్థమైంది. రుచి తేడాగా ఉంటే జోడీ కుదరలేదనుకుంటారు. విషమనుకోరు. ఇక అంత చల్లబరిస్తే వాసనా పైకి రాదు.

కౌంటర్ దగ్గర ఓపెనర్ పిడిలోని లెన్స్‌తో బిరడా చూశాడు. సూది దిగిన చిల్లు. మన ఏజెంటే ముఠా మనిషని కాలర్ మైకులో చీఫ్‌కి చెప్పాడు.

“టీమ్ రావడానికి మూడు నిమిషాలు,” అన్నాడు చీఫ్, నైన్ చెవిలోని ఇయర్‌పీస్‌లో.

నైన్ ఒక్క గ్లాసులోనే, రెండు గుక్కలంత పోసి ఆమె ముందు పెట్టాడు.

“అతిథికి పోయండి,” అందామె.

“సీసా ఎవరిదో వాళ్ళే ముందు రుచి చూడాలి మేడం. వైన్ మర్యాద.”

“నాకు తలనొప్పి.”

“అయ్యో, అయితే నేను చూస్తా!” కోడ్‌మాస్టర్ గ్లాసు లాక్కున్నాడు. అంచు పెదవికి తగిలింది. నైన్ ఆయన మణికట్టు ఒడిసి పట్టుకున్నాడు. చుక్క కూడా లోపలికి పోలేదు.

గ్లాసు మళ్ళీ ఆమె ముందుకొచ్చింది. “తాగండి.”

ఆమె గ్లాసు ముట్టలేదు. చెయ్యి సంచీ వైపు పాకింది. నైన్ దాన్ని టేబుల్‌కి అదిమేశాడు. రెండో చేత్తో ఆమె నోరు తెరిచి ఆ రెండు గుక్కలూ పోసేస్తే అన్న బాకీ తీరిపోతుంది. పోయాలనే ఉంది, నిజంగా ఉంది. కానీ ఆమె చచ్చిపోతే నిజం చెప్పేవాళ్ళుండరు. అన్నని ఎలా చంపిందో కోర్టులో ఆమె నోటితోనే చెప్పించాలి.

టీమ్ వచ్చి బేడీలు వేసింది. నైన్ పాత చీటీ తీసి ఆమె కళ్ళెదుట పెట్టాడు.

“ఇది మా అన్న చేతిరాత. జోడీలు మీకెప్పటికీ తెలియవు మేడం. బెంగపడకండి, జైల్లో మంచినీళ్ళే ఇస్తారు. అవి దేంతోనైనా కుదురుతాయి.”