మేఘబాహు ప్రేక్షకుల నాడి

గోడ నిండా ఉన్న పెద్ద స్క్రీను మీద నాలుగు వేల గీతలు ఒకేసారి కదులుతున్నాయి. ఒక్కో గీత ఒక్కో ప్రేక్షకుడిది. సాయంత్రం ఆరు గంటలకు 'మేఘబాహు' మొదటి భాగం మొదలైనప్పుడు ఆ గీతలన్నీ ఉత్సాహంగా పైకి లేచాయి. ఆరూ పదికి కాస్త కిందికి దిగాయి. ఆరున్నరకల్లా గాలి లేని రోజున చెరువు నీళ్ళలా పడుకున్నాయి.

"యంత్రం పాడైందా?" అని అడిగింది పద్మలోచన.

"లేదండీ, బాగానే ఉంది," అంది డాక్టర్ నఫీసా, ఆమె వైపు చూడకుండా.

పద్మలోచన ఆ సీరియల్ రచయిత్రి. అంతకుముందు ఇరవై ఏళ్ళు రేడియోకి నాటికలు రాసింది. తరంగం ఛానల్ వాళ్ళు పిలిచి తెలుగులో ఒక కొత్త సూపర్ హీరోని సృష్టించమంటే, ఎనిమిది నెలలు విశాఖపట్నంలోని తన అపార్ట్‌మెంటు మేడ మీద కూర్చుని మేఘబాహుని సృష్టించింది. మేఘాలను చేత్తో కదిలించగల మనిషి అతను. ఎవరినీ కొట్టడు. ఏ పని చెయ్యాలన్నా ముందు బాగా ఆలోచిస్తాడు. ఆ ఆలోచన అంతా పైకి చెబుతాడు. అక్కడే వచ్చింది చిక్కు.

నఫీసా గుండె డాక్టరు. తన ఆస్పత్రి తరఫున ఆమె తయారు చేసిన యంత్రం పేరు 'స్పందిని'. చూడడానికి వాచీ పట్టీలా ఉంటుంది. టీవీ ఆన్ చేసినప్పుడు ప్రేక్షకులు దాన్ని చేతికి పెట్టుకుంటారు. లోపలున్న చిన్న లైటు చర్మం కింద రక్తం పారే తీరును చూసి, గుండె ఎప్పుడెప్పుడు కొట్టుకుందో సెకనులో వందో వంతు తేడా కూడా పోకుండా నమోదు చేస్తుంది. కథ రక్తి కడితే గుండె వేగం పెరుగుతుంది, విసుగొస్తే తగ్గుతుంది. మనిషి నోటితో అబద్ధం చెప్పొచ్చు గాని నాడి చెప్పలేదు. అందుకే ఛానల్ వాళ్ళు ఈ యంత్రాన్ని నమ్ముకున్నారు. పట్టీ పెట్టుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ కనబడవు. నంబర్లే ఉంటాయి.

మరునాటికి నాడితో పాటు నోళ్ళు కూడా మాట్లాడాయి. తరంగం వారి అభిప్రాయాల పేజీ నిండిపోయింది. 'హీరో ఎగురుతాడేమోనని నలభై నిమిషాలు చూశాం. మేడ మెట్లెక్కాడు' అని ఒకరు రాశారు. 'విలన్ మీద జాలేసింది. ఆ ఉపన్యాసం అంతా అతనొక్కడే నిలబడి విన్నాడు' అని ఇంకొకరు. అన్నిటికన్నా ఎక్కువ మంది మెచ్చుకున్నది గాజువాక నుంచి ఎవరో పెట్టిన మాట: 'ఈ మేఘబాహు కన్నా మా వీధి కుళాయి నయం. దానికి వారానికి రెండుసార్లైనా నీళ్ళొస్తాయి.'

పద్మలోచన అన్నీ చదివింది. ఒక్కటీ వదల్లేదు. లిఫ్టులో కనబడిన పక్కింటావిడ "సీరియల్ మీదేనట కదా" అని, ఆ తర్వాత ఏమనాలో తెలియక పైన వెలిగే అంకెల వంక చూస్తూ నిలబడినప్పుడు మాత్రం ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇందులో ఒక వింత ఉంది. తిట్టేవాళ్ళెవరూ చూడడం మానలేదు. ఆదివారం ఆరయ్యేసరికి పట్టీలు పెట్టుకుని బుద్ధిగా కూర్చునేవారు. చూడకపోతే సోమవారం తిట్టడానికి ఏం దొరుకుతుంది మరి!

నాలుగో భాగం అయ్యాక ఛానల్ అధిపతి ఉమాకాంతం ఆమెను పిలిపించారు. "పద్మగారూ, అయిదో భాగం తీయడం అయిపోయినా సరే, తిరగరాయండి. ప్రమాదం ఉండాలి, పరుగుండాలి, మనిషి కుర్చీ చివరికి జరిగి కూర్చోవాలి. అది కూడా కుదరకపోతే ఇక ఆపేద్దాం," అన్నారు.

ఆమెకు రోషం వచ్చింది. మూడు రోజులు తలుపేసుకుని రాసింది. తుఫానులో చిక్కుకున్న పడవ, అందులో పదకొండు మంది జాలర్లు, మొదటిసారి ఆలోచించకుండా సముద్రంలోకి దూకే మేఘబాహు. ఒక ఆదివారం సీరియల్ వెయ్యకుండా ఆపి, షూటింగు వారంలో ముగించారు. ఎడిటింగు గదిలో చూసినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇక నుంచి సరికొత్త మేఘబాహు అని ఊరంతా ప్రకటనలు వెలిశాయి. చాలా రోజుల తర్వాత పద్మలోచన ఆకలేసి అన్నం తింది.

శనివారం పొద్దున స్టూడియో క్యాంటీన్‌లో టీ తాగుతుంటే నఫీసా వచ్చి ఎదురుగా కూర్చుంది. చేతిలో రెండు కాగితాలున్నాయి.

"మిమ్మల్ని ఒకటి అడగాలి. ఎలా అడగాలో తెలియడం లేదు," అంది.

"అడగండి డాక్టరుగారూ. నన్ను అనాల్సినవన్నీ ఊరు ఎలాగూ అనేసింది."

నఫీసా కాగితాలు బల్ల మీద పరిచింది. రెండిటి మీదా ఒకే నంబరు, 3117. రెండు గీతలూ సమంగా సాగి, ఒకచోట ఆగిపోయి, మళ్ళీ మొదలయ్యాయి.

"ఇది ఒక ప్రేక్షకుడి నాడి. మూడో భాగంలో ఇక్కడ రెండున్నర సెకన్లు గుండె కొట్టుకోలేదు. నాలుగో భాగంలో మూడు సెకన్లు. గుండెలో సహజంగా ఒక స్విచ్ ఉంటుంది. కొట్టుకో, కొట్టుకో అని సంకేతం పంపుతూ ఉంటుంది. ఇతనికి అది మధ్య మధ్యలో మరిచిపోతోందని నా అనుమానం. ఇంకాస్త ఎక్కువసేపు మరిచిపోతే మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. ఎక్కడుంటే అక్కడే."

"అయితే వెంటనే చెప్పండి అతనికి!"

"అతనెవరో నాకు తెలియదు. నంబరు వెనకున్న పేరు తెరవాలంటే ఆస్పత్రి కమిటీ ఒప్పుకోవాలి. మూడు వేరువేరు రోజుల రికార్డు కావాలంటారు. తప్పు కాదు ఆ నియమం. పట్టీ వదులైనా గీత ఇలాగే ఆగుతుంది. ప్రతిదానికీ ఫోన్ చేస్తే ఉత్తపుణ్యానికి వేలమంది బెదిరిపోతారు. నా దగ్గర రెండే ఉన్నాయి."

"రేపు మూడోది వస్తుందిగా?"

నఫీసా తల దించుకుంది. "అదే అడగడానికొచ్చాను. మనిషి ఉద్వేగంలో ఉంటే ఒంట్లో పుట్టే రసాయనాలు ఆ స్విచ్‌ని తట్టి లేపుతుంటాయి. అప్పుడు లోపం దాక్కుంటుంది. ఇంతకుముందు మేం పరీక్షించిన సీరియల్స్ అన్నీ రక్తి కట్టించేవే. వాటిలో ఇతని గీత నిక్షేపంగా ఉంది. మీ మూడు, నాలుగు భాగాల్లోనే బయటపడింది. అంత ప్రశాంతంగా మనుషుల్ని కూర్చోబెట్టినది ఇంతవరకూ ఏదీ లేదు. నిన్న మీ కొత్త అయిదో భాగం చూశాను. చాలా బాగుంది పద్మగారూ. నా గుండే నూట ఇరవై కొట్టుకుంది."

పద్మలోచన టీ గ్లాసు కింద పెట్టింది.

"అంటే, పాత అయిదో భాగమే వెయ్యమంటారు."

"అవును."

"మేఘాల గురించి ఇరవై నిమిషాలు వివరించేది."

"నన్ను క్షమించండి," అంది నఫీసా.

ఉమాకాంతం మొదట వినలేదు. ప్రకటనలిచ్చాక మాట తప్పితే ఛానల్ పరువేం కావాలన్నారు. నఫీసా కాగితాలు చూపించింది. ఆయన వాటిని తిరగేసి, పద్మలోచన వైపు చూశారు.

"పాతదే వేస్తాను. కాని మార్చడానికి రచయిత్రి ఒప్పుకోలేదని ప్రకటిస్తాను. ఆ నింద మీరే మొయ్యాలి. దీని తర్వాత సీరియల్ ఆగిపోతుంది, మీ కొత్త భాగం ఎవరూ చూడరు. ఇష్టమేనా?"

ఆ పడవ సీను, అలల మధ్య చెయ్యి చాచిన తన హీరో ఆమె కళ్ళ ముందు మెదిలాయి. ఇరవై ఏళ్ళలో తను రాసినవాటిలో అంత బాగా కుదిరింది అదొక్కటే. అది చూస్తే జనం తనను క్షమించేవాళ్ళు.

"ఇష్టమేనండీ," అంది.

ఆదివారం సాయంత్రం ఇద్దరూ గోడ స్క్రీను ముందు కూర్చున్నారు. నాలుగు వేల గీతల్లో 3117ని పెద్దది చేసింది నఫీసా. మొదటి పది నిమిషాలు గీత కోపంగా ఎగిరింది. మారుస్తామని మార్చనందుకు కాబోలు. తర్వాత నెమ్మదించింది. తెర మీద మేఘబాహు నిలువు మేఘానికీ పొర మేఘానికీ తేడా చెప్పడం మొదలుపెట్టాడు. గీత ఇంకా దిగింది. డెబ్భై. అరవై రెండు. యాభై ఎనిమిది.

ఇరవయ్యో నిమిషం దాటింది. ఏమీ లేదు. ముప్పయ్యో నిమిషం దాటింది. తన మాటలు మరీ అంత చప్పగా లేవేమోనని పద్మలోచనకు జీవితంలో మొదటిసారి దిగులేసింది.

ముప్పై ఆరో నిమిషంలో గీత ఆగింది.

ఒకటి. రెండు. మూడు. నఫీసా చెయ్యి పద్మలోచన మణికట్టు మీద బిగుసుకుంది. నాలుగు. గీత ఒక్కసారి వణికి, మళ్ళీ పైకి లేచింది.

"పట్టీ వదులు కాలేదు. లైటు సరిగ్గానే పడుతోంది," అంటూనే నఫీసా, ముందే చెప్పి సిద్ధంగా ఉంచిన కమిటీకి రికార్డు పంపింది. పావుగంటలో పేరు తెరుచుకుంది. గొర్లె అప్పలసూరి, నలభై తొమ్మిదేళ్ళు, గాజువాక. పని: పోర్టులో క్రేన్ ఆపరేటర్.

నఫీసా ఫోన్ చేసింది. తను డాక్టర్నని, మీ గుండెలో లోపం కనబడిందని, రేపు పనికి వెళ్ళకుండా ఆస్పత్రికి రమ్మని చెప్పింది. అవతలి మనిషి పెద్దగా నవ్వాడు.

"ఏ ఆస్పత్రండి? టీవీ సూస్తే గుండె జబ్బు దొరికేత్తదా? నాను నిమ్మళంగా ఉన్నాను. పొద్దున్న ఆరింటికి డూటీ ఉంది, ఫోన్ ఎట్టీయండి."

ఆరింటికి డ్యూటీ అంటే నూటయాభై అడుగుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని, కింద మనుషులు తిరుగుతుండగా వాళ్ళ తలల మీదుగా ముప్పై టన్నుల సరుకు పెట్టెను కదిలించడం. పద్మలోచన ఫోను అందుకుంది.

"అయ్యా, నేను మేఘబాహు రాసినదాన్ని."

అవతలి మనిషి గొంతు తగ్గింది. "అమ్మగారూ, కుళాయి మాట రాసింది నానేనని ఎలా తెలిసిపోనాది? తప్పయిపోనాదండి. ఊరికే నవ్వుకోడానికి రాసినాను."

పద్మలోచనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మీరు రాసింది నిజమే. దానికి కాదు ఫోన్ చేసింది. ఈ మధ్య మీకెప్పుడైనా కళ్ళు తిరిగాయా?"

"కళ్ళు తిరగడమా, అబ్బే..." అని నసిగాడు అతను. వెనక నుంచి ఆడగొంతు వినబడింది. "తిరిగినాయని సెప్పవేం? మొన్న మెట్ల మీద కూలబడిపోనావు కదా!" అతని భార్య బూడెమ్మ ఫోను లాక్కుంది. "అమ్మా, ఎక్కడికి తేవాలో సెప్పండి. పొద్దున్న కాదు, ఇప్పుడే తెస్తాను."

ఆ వారమే అతని ఛాతీలో పేస్‌మేకర్ అమర్చారు. బొటనవేలంత ఉండే ఆ పరికరం, గుండె తన పని మరిచిపోయినప్పుడల్లా చిన్న కరెంటు తాకిడితో గుర్తు చేస్తుంది. అతన్ని పరీక్షించిన డాక్టరు, ఇంకో నెల ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు.

మూడు వారాల తర్వాత భార్యాభర్తలిద్దరూ పనసపండుతో పద్మలోచన ఇంటికి వచ్చారు. అప్పలసూరి చేతులు జోడించి నిలబడ్డాడు. బూడెమ్మ పద్మలోచన చేతులు రెండూ కళ్ళకద్దుకుంది.

"మా ఇంటి దీపం నిలబెట్టినారమ్మా. మంచి కథ ఉంటే దాన్ని పక్కనెట్టి, ఈయన కోసం మాటలు పడ్డారని డాట్రమ్మ సెప్పింది. ఎవరో ఏటో తెలీని మనిషి కోసం."

"నేనేం చెయ్యలేదమ్మా. మీరు చూస్తూ కూర్చోబట్టి దొరికింది. నేనే మీకు రుణపడ్డాను," అంది పద్మలోచన.

అప్పలసూరి కల్పించుకున్నాడు. "ప్రాణం మీదే అమ్మగారూ. మరి నిజం సెప్పాలి గదా, సీరియల్ మాత్రం బాగోలేదండి."

ముగ్గురూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుకున్నారు.

సంగతి బయటికొచ్చింది. మిగిలిన గీతలన్నీ మళ్ళీ పరిశీలిస్తే ఇంకో ఇరవై తొమ్మిది మందికి గుండెలోపం తేలింది. అందరికీ సమయానికి వైద్యం అందింది. ఛానల్ అభిప్రాయాల పేజీ తీరే మారిపోయింది. 'నాలుగో భాగంలో మా నాన్న కునుకు తీశారు. అందుకే ఈ రోజు మాతో ఉన్నారు. థాంక్స్ అండీ' అని ఒకమ్మాయి రాసింది. లిఫ్టులో పక్కింటావిడ పద్మలోచన భుజం మీద చెయ్యి వేసి, తన చెల్లెలి కోసం ఒక పట్టీ ఇప్పించమని అడిగింది.

ఆ తర్వాత గుండె ఆస్పత్రులన్నీ కలిసి ఒక ఉత్తరం పంపాయి. గుండె పరీక్షలప్పుడు వేసి చూపించీ చూపించీ, అయిదు భాగాలూ పేషెంట్లకు కంఠతా వచ్చేశాయట. రెండో సీజన్ కావాలి. రాయవలసింది పద్మలోచన గారే. ఒకే ఒక్క షరతు, చూసేవారి గుండె వేగం నిమిషానికి డెబ్భై దాటకూడదు.

ఒక మనిషి రాతకు ఇంతమంది ఎదురు చూడడం ఎంత అదృష్టం! ఆమె ఉత్సాహంగా కూర్చుంది. కాని ఈసారి కలం మాట వినలేదు. తిట్లు తిని, దీవెనలు కూడా అందుకున్న మనిషికి వాక్యం పాతదారిన నడవదు. ఎంత అదుపు చేసుకున్నా, మొదటి భాగం చివర మేఘబాహు తన తల్లిని గుర్తు చేసుకునే చోట ఏదో ప్రాణం వచ్చేసింది.

వారం తర్వాత నఫీసా స్వయంగా స్క్రిప్టు తిరిగి తెచ్చింది. ఆమె ముఖం చూడగానే పద్మలోచనకు అనుమానం వచ్చింది.

"ఆరుగురి మీద పరీక్షించాం. అంతా బ్రహ్మాండంగా చప్పగా ఉంది, ఆ తల్లి సీను తప్ప." నఫీసా మొహమాటంగా ఆగింది. "అక్కడ నలుగురు ఏడ్చారు పద్మగారూ."

పద్మలోచన ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. ఆ పేజీని చాలాసేపు చేత్తో నిమిరింది. ఎవరో తెలియని ఆ నలుగురికీ మనసులోనే నమస్కారం పెట్టుకుని, ఎర్ర పెన్ను తీసి ఆ సీను మొత్తం కొట్టేసింది.