కడగకూడని పలక

ఇత్తో ఎడమచేత్తో రాస్తోంది. కుడిచేత్తో రాస్తే అక్షరాలు తీరుగా వస్తాయి. అప్పుడు ఆరేళ్ల పిల్లాడు రాసినట్టు ఉండదు.

పలక చెక్కది. తాత చిన్నప్పుడు మసీదు బడిలో దాని మీదే అరబ్బీ అక్షరాలు నేర్చుకున్నాడు. జబ్బు వ్యాపించి లోయలో రోడ్లు, బడులు మూసేశాక ఊరి కొట్లో నోటుబుక్కులు అయిపోయాయి. అప్పుడు తాత ఆ పలక దించి, తెల్లమట్టి పూసి, రెల్లు కలంతో సహా ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఒకటే మాట అన్నాడు.

"చూడకుండా అప్పజెప్పాకే కడగాలి. ముందే కడిగితే చదువు నీళ్లలో పోయినట్టే."

పలక చేతికొచ్చి ఇవాళ తొమ్మిదో రోజు. పలక రోజూ కడుగుతూనే ఉన్నారు. తమ్ముడు అనీర్ మాత్రం ఒక్కరోజు కూడా అప్పజెప్పలేదు.

అమ్మ వెనకగదిలో ఉంది. జ్వరం, దగ్గు. నర్సు మాస్కు వేసుకుని వచ్చి పరీక్ష చేసి, పద్నాలుగు రోజులు ఆ గదిలోకి ఎవరూ వెళ్లకూడదని, ఇంట్లోంచి ఎవరూ బయటికి రాకూడదని చెప్పింది. నాన్న పనికని అగాదీర్ పట్నం వెళ్లి అక్కడే ఇరుక్కుపోయాడు. ఇంట్లో ఒకటే ఫోను. మిద్దె మీద ఒక మూలలో తప్ప దానికి సిగ్నల్ అందదు.

పొద్దున అనీర్ టీచర్ జోహ్రా పాఠం పంపుతుంది. మధ్యాహ్నంలోగా పలక ఫొటో పంపాలి. ఒంటిగంటకి ఇత్తోకి ఆరో తరగతి లెక్కలు.

"అక్కా, ఇదేంటి?" అనీర్ పలక మీద వేలు పెట్టాడు.

"జీమ్ అక్షరం. ముట్టుకోకు, సిరా ఆరలేదు."

"నేను రాస్తా."

"నువ్వు రాసేసరికి కోళ్లు గూట్లో పడుకుంటాయి. పో, కోడిపిల్లల్ని చూసుకో."

మొదటి రెండు రోజులు వాడిచేతే రాయించింది. ఒక్క అక్షరానికి అరగంట పట్టింది. వాడు ఏడ్చాడు. ఆమె లెక్కల పాఠం పోయింది. మూడో రోజు కలం లాక్కుంది.

ఫొటో వెళ్లింది. కాసేపటికి టీచర్ గొంతు వచ్చింది. "శభాష్ అనీర్. రోజురోజుకీ బాగా రాస్తున్నావు." దాని వెనకే ఒక పసుపు నక్షత్రం.

"నాకేనా అక్కా?"

"నీకే."

అనీర్ ఫోను వైపు చూశాడు, పలక వైపు చూశాడు.

ఇత్తో కిందికి వచ్చి వెనకగది తలుపు దగ్గర నిలబడింది.

"అమ్మా, వీడికి ఇవాళ కూడా నక్షత్రం."

లోపల దగ్గు. తర్వాత అమ్మ గొంతు. "ఏం నేర్చుకున్నాడు?"

"అమ్మ, తాత. ఆ రెండు మాటలు."

"నేనెలాగూ చదువుకోలేదు. నా ఇంట్లో ఇద్దరు చదువుకున్నవాళ్లు తయారయ్యారన్నమాట."

వాకిట్లో కూర్చున్న తాత తలెత్తాడు. ఆయన కళ్లకి పొరలు. మనుషులు నీడల్లా కనబడతారు, అక్షరాలు అసలే కనబడవు.

"అప్పజెప్పాడా?"

"చెప్పాడు తాతా."

ఇత్తో పలక కడిగింది. ఆ నీళ్లు కాళ్ల కింద పారబోయకూడదు. వాకిట్లో నూనె డబ్బాలో పెరుగుతున్న దానిమ్మ మొక్కకి పోసి, ఫోను తీసుకుని మిద్దె ఎక్కింది.

పావుగంట తర్వాత అమ్మ పిలిచింది.

"ఇత్తో, మాత్ర."

అనీర్ వెళ్లాడు. "అక్క పైనుంది. పిలవనా?"

"వద్దు నాన్నా, దాని పాఠం పాడవుతుంది. నీకు చదవడం వచ్చుగా. గూట్లో అమ్మ అని రాసిన పొట్లం ఉంటుంది. అది తెచ్చి గడప మీద పెట్టు."

గోడ గూట్లో రెండు తెల్ల పొట్లాలు ఉన్నాయి. రెండూ ఆరోగ్య కేంద్రంవే. ఒకదాంట్లో అమ్మ జ్వరం మాత్రలు, ఇంకోదాంట్లో తాత చక్కెర జబ్బు మాత్రలు. నర్సు ఒక్కోదాని మీద పెద్ద అక్షరాలతో ఒక్కో మాట రాసింది.

అనీర్ చాలాసేపు చూశాడు. ఒకదాని మీద, పొద్దున పలక మీద వేలు పెట్టిన అక్షరంలో లాగే, కోడిపిల్ల కన్నులాంటి చుక్క ఉంది. అది తీసుకున్నాడు. గడప మీద పెట్టి, తలుపు కొట్టి, దూరంగా జరిగాడు.

ఇత్తో కిందికి వచ్చేసరికి గూట్లో ఒకటే పొట్లం ఉంది. దాని మీద అమ్మ అని ఉంది.

"తాత పొట్లం ఏది?"

"అమ్మకిచ్చా," అన్నాడు అనీర్. "చదవమంది. నాకు నక్షత్రాలున్నాయిగా అక్కా."

ఇత్తో తలుపు దగ్గరికి పరిగెత్తింది. "అమ్మా, మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా." మాట సాగింది. "ఇత్తో, చేతులు వణుకుతున్నాయే. ఒళ్లంతా చెమట."

తాత లేచాడు. ఆయన అంత తొందరగా లేవడం ఇత్తో ఎప్పుడూ చూడలేదు.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నదా?"

"లేదు. రొట్టె అలాగే తిరిగొచ్చింది."

"ఆ వణుకు నాకు తెలుసు. ఒంట్లో చక్కెర పడిపోతోంది. పైకెళ్లి నర్సుకి ఫోన్ చెయ్యి. ఏ మాత్ర వేసుకుందో ఉన్నదున్నట్టు చెప్పు."

ఆయన తడుముకుంటూ చక్కెర దిమ్మ అందుకుని సుత్తితో కొట్టాడు. ముక్కలు ఎగిరి పడ్డాయి. అనీర్ నేల మీద పాకి ఏరి నీళ్ల గ్లాసులో వేశాడు.

మిద్దె మీద ఇత్తో ఫోన్ చేస్తే నర్సు రెండే అడిగింది. "తెలివిలో ఉందా? మింగగలదా?" తర్వాత చెప్పింది. "తీపి నీళ్లు తాగించండి. ఆ తర్వాత రొట్టె. నిద్రపోనివ్వకండి, మాట్లాడిస్తూ ఉండండి. నేను బయల్దేరుతున్నా."

గ్లాసు గడప మీద పెట్టారు. తలుపు కొంచెం తెరుచుకుంది. ఒక చెయ్యి వచ్చింది. గ్లాసు తలుపుకి తగిలి ఒలికింది. తలుపు మళ్లీ మూసుకుంది. ముగ్గురూ చెవులొగ్గి విన్నారు. మింగిన చప్పుడు వినబడింది. ఒక గుటక. ఇంకొకటి.

"నిద్రొస్తోంది," అంది అమ్మ.

"మాట్లాడు దాంతో," అన్నాడు తాత.

ఇత్తో తలుపుకి దగ్గరగా జరిగింది. కోళ్ల సంగతి ఎత్తుకుంది. మధ్యలోనే వదిలేసింది. నోట్లో ఒకటే మాట తిరుగుతోంది.

"అమ్మా, పడుకోకు. వాడికి చదవడం రాదు. పలకలు నేనే రాశాను."

లోపల చప్పుడు లేదు.

"అమ్మా."

"ఎన్ని?"

"ఏడు. మూడో రోజు నుంచి. ఎడమచేత్తో రాశా, టీచర్‌కి తెలియకూడదని."

"నక్షత్రాలు?"

"అవీ నావే."

"ఇంకా చెప్పు. ఆపకు."

ఇత్తో చెప్పింది. కలం లాక్కున్నది, కోడిపిల్లల దగ్గరికి తోలేసింది, తాతకి అబద్ధం చెప్పింది. అన్నీ చెప్పేశాక మళ్లీ మొదటినుంచి చెప్పింది. రెండో గ్లాసు వెళ్లింది. రొట్టె వెళ్లింది. తాత పక్కనే నిలబడి అంతా విన్నాడు.

నర్సు మోటారుబండి మీద వచ్చింది. లోపలికి వెళ్లి, వేలు గుచ్చి రక్తం చూసి, సాయంత్రం నమాజు పిలుపు దాకా అక్కడే ఉండిపోయింది. బయటికి వచ్చి తాత పొట్లం ఆయన చేతికే ఇచ్చింది.

"ఒక్కటే వేసుకుంది. ఇప్పుడు బాగానే ఉంది. ఇంకా ఆలస్యమై ఉంటే..." అని ఆగి, మాస్కు సర్దుకుని వెళ్లిపోయింది.

అనీర్ గోడ మూల కూర్చుని ఏడుస్తున్నాడు. "నేను తప్పు చదివా తాతా."

"నువ్వు చదవలేదురా. నీకు ఎవరూ నేర్పలేదు." తాత ఇత్తో వైపు తిరిగాడు. "ఏడు రోజుల చదువూ ఆ దానిమ్మ మొక్క తాగింది. రేపు దాన్ని పంపు బడికి."

ఇత్తో తల దించుకుంది. ఆయన ఓదార్చలేదు.

చీకటి పడకముందే ఆమె మిద్దె ఎక్కి, పలకలు తనే రాశానని టీచర్ జోహ్రాకి గొంతు రికార్డు చేసింది. మూడుసార్లు చెరిపేసి నాలుగోసారి పంపింది. జవాబు పొద్దున వచ్చింది.

"అయితే మొదటి అక్షరం అలిఫ్ దగ్గర మొదలుపెట్టండి. ఫొటో వద్దు. వాడి గొంతు పంపు."

ఆ రోజు అనీర్ రాశాడు. అలిఫ్ వంకరగా వచ్చింది, బా దొర్లి పలక అంచుకి వెళ్లింది. ఇత్తో చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది. రెండుసార్లు చెయ్యి దానంతట అదే ముందుకి వచ్చింది. వెనక్కి తీసుకుంది. ఒంటిగంట అయింది. లెక్కల పాఠం వెళ్లిపోయింది. దాన్ని తర్వాత రికార్డులో ఒక్కతే వింది, అర్థం కాక రెండోసారి వింది.

సాయంత్రం తాత అడిగాడు. "అప్పజెప్పాడా?"

"లేదు తాతా."

"అయితే కడగొద్దు."

మర్నాడూ అదే పలక. సిరా చెదిరిన చోట అనీరే మళ్లీ దిద్దాడు. నక్షత్రం రాలేదు. మూడో రోజు వాడు కళ్లు మూసుకుని, ఊగుతూ, పలక మీదున్నదంతా చెప్పాడు. తాత వేళ్లు మడుచుకుంటూ విన్నాడు. చివరి వేలు మడిచాక కడగమని చెయ్యి ఊపాడు. అనీర్ పలక తనే కడిగాడు, నీళ్లు తనే మొక్కకి పోశాడు. ఆ వెంటనే అమ్మ, తాత అన్న రెండు మాటలు రాయడం మొదలుపెట్టాడు.

అమ్మ ఆ గదిలోకి వెళ్లిన పద్నాలుగో రోజు మధ్యాహ్నం పిలిచింది.

"మాత్ర."

ఇత్తో లేచింది. గూటి దాకా వెళ్లి ఆగి, పక్కకి జరిగింది.

"అనీర్, నువ్వు రా."

తాత పొట్లం కూడా మళ్లీ గూట్లోకి వచ్చింది. పొద్దున ఆయనే తెచ్చి పెట్టాడు. అనీర్ పీట ఎక్కాడు. ఒకదాని మీద వేలు పెట్టి, పెదాలు కదిపి, దాన్ని వదిలేశాడు. రెండోదాని మీద వేలు పెట్టాడు. ఇత్తో చేతులు వెనక్కి కట్టుకుంది. నోరు తెరవలేదు.

వాడు పొట్లం గడప మీద పెట్టి తలుపు కొట్టాడు.

"ఎవరు చదివారు?" అమ్మ లోపలినుంచి అడిగింది.

"నేనే."

"అక్క చెప్పిందా?"

"లేదు. అక్క చేతులు వెనక్కి కట్టుకుంది."

"ఇంకోసారి చదువు, నాన్నా."

"అమ్మ," అని చదివాడు వాడు.

తలుపు తెరుచుకుంది. చెయ్యి వచ్చి పొట్లం తీసుకుంది. కాగితం విప్పుతున్న చప్పుడు వాకిట్లోకి వినబడింది.