కొత్తకనుమ భీతిమాపిని

కొత్తకనుమ గేటు తెల్లవారగానే తెరుచుకుంటుంది. కింది ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు అప్పటికే ఘాట్ రోడ్డు మలుపుల పొడుగునా మూటల పక్కన కూర్చుని ఉంటారు. పేరు పిలిచాక ఒక్కొక్కరే గాజు గదిలోకి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న రెండు లోహపు పిడులు పట్టుకోవాలి. నెత్తి మీదికి గొడుగులాంటి తొడుగు దిగుతుంది. ఎవరూ ఏమీ అడగరు. ఏ ఊరు, ఎందుకొచ్చావు, ఇక్కడ నీకెవరున్నారు అనే ప్రశ్నలు పాతకాలపువి. కాసేపటికి పచ్చదీపం వెలిగితే అవతలి తలుపు తెరుచుకుంటుంది. పిల్లలకు కొలత లేదు, తల్లి దాటితే వాళ్ళూ దాటినట్టే. ఎర్రదీపం వెలిగితే వచ్చిన తలుపే మళ్ళీ తెరుచుకుంటుంది.

ఆ యంత్రం పేరు భీతిమాపిని. జనం మాత్రం బెదురు మిషను అంటారు. దాన్ని తయారుచేసింది డాక్టర్ ఇందుమౌళి.

సముద్రం డెల్టాను ఒక్కసారిగా మింగలేదు. ముందు పొలాలకు ఉప్పెక్కింది. తర్వాత పోటు వచ్చినప్పుడల్లా రోడ్లు మునిగాయి. ఆ తర్వాత పట్టణాల్లో జనం కింది అంతస్తులు వదిలేసి పైఅంతస్తుల్లో కాపురాలు పెట్టారు. అదీ కుదరనివాళ్ళు కొండలెక్కి పీఠభూమి మీదికి రావడం మొదలుపెట్టారు. పీఠభూమి జిల్లాలన్నీ అప్పటికే ఎగువ సమాఖ్యగా ఏర్పడి, తమ చెరువులు, తమ చట్టాలు తాము చూసుకుంటున్నాయి. మొదట్లో వచ్చినవాళ్ళకు అన్నం పెట్టారు. తర్వాత కొండల వెంట కంచె వేశారు.

సమాఖ్య శాసనసభలో ఇక అదే గొడవ. వచ్చిన ప్రతివాడూ ప్రాణభయంతోనే వచ్చానంటున్నాడు, ఉన్న నీళ్ళు మనకే చాలడం లేదు, ఎవరి మాట నమ్మి రానివ్వాలని రక్షణ పక్షం అడిగేది. మునిగిపోయేవాళ్ళ ముఖాన తలుపెయ్యడం మనుషులు చేసే పని కాదు, పద్ధతిగా రావడానికి ఒక దారి పెట్టండని సంస్కరణ పక్షం అడిగేది. ఈ ఒక్క వాదన మీదే ప్రభుత్వాలు వచ్చాయి, పోయాయి. ఈలోగా కంచె దగ్గర తుపాకులు పేలుతూనే ఉన్నాయి.

ఇందుమౌళి నాడీశాస్త్రవేత్త. ఇద్దరి గొడవా నిజానికి ఒకే ప్రశ్న గురించని ఆమెకు అనిపించింది. ఈ మనిషి నిజంగా ప్రమాదం నుంచి పారిపోయి వచ్చాడా, లేదా? నోటిని నమ్మలేం. కానీ భయం మెదడు లోపల, బాదంగింజంత ఉండే అమిగ్డలాలో పుడుతుంది. అక్కణ్ణుంచి అది నెత్తుటిలోకి, చర్మంలోకి, కంటిపాపలోకి పాకుతుంది. ఆ జాడలన్నిటినీ ఒకేసారి కొలిచి, కలిపి, ఒక అంకెగా చూపించే యంత్రాన్ని ఆమె పదేళ్ళు కష్టపడి తయారుచేసింది. ఎంత గొప్ప నటుడైనా దాని ముందు నటించలేడు.

రెండు పక్షాలూ సంతోషించాయి. ఒకరికి గేటు దొరికింది, ఇంకొకరికి దానికి తాళం దొరికింది. ఆశ్రయ సంస్కరణ చట్టం చప్పట్ల మధ్య నెగ్గింది. ఎంత భయం ఉంటే రానివ్వాలో ఆ అంకెకు గడప స్థాయి అని పేరు పెట్టారు. దాన్ని నిర్ణయించే అధికారం మాత్రం సభ తన దగ్గరే ఉంచుకుంది. అప్పట్లో ఇందుమౌళి ఆ సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

ఆమె దగ్గర సహాయ శాస్త్రవేత్తగా పనిచేసే యోహాను పుట్టింది డెల్టాలోనే. కంచె పడకముందు చదువు కోసం పైకి వచ్చి ఉండిపోయాడు. తల్లి పోయాక అతన్ని పెంచిన అక్క సలోమి ఇంకా కిందే ఉంది. ఆమె భర్త ఒక ఉప్పెనలో కొట్టుకుపోయాడు. కూతురు రూతును పెట్టుకుని, నీళ్ళ మధ్య నిలబడ్డ ఒక పాత మేడ మూడో అంతస్తులో బతుకుతోంది. ఆ ఏడాది మేడ స్తంభాలు బీటలిచ్చాయి. వచ్చే వర్షాలకు నిలవదని అందరికీ తెలుసు. అక్క బయలుదేరి వస్తోందని కబురందినప్పుడు యోహాను కంగారుపడలేదు. అలాంటివాళ్ళ కోసమే కదా ఈ యంత్రం అనుకున్నాడు.

సలోమి గాజు గదిలోకి వచ్చి, బస్సు కోసం కూర్చున్నట్టు స్టూలు మీద కూర్చుంది. పిడులు పట్టుకుని బయట ఎండలో నిలబడ్డ రూతు వైపు ఓసారి చూసి, చూపు తిప్పుకుంది. తెర మీద అంకె కదలనైనా కదల్లేదు. ఎర్రదీపం వెలిగింది.

యోహాను కంచె అవతలి గుడారాల దగ్గరికి పరిగెత్తాడు. ఆమె అప్పటికే పొయ్యి రాజేస్తోంది.

“నీకు భయం లేదని వచ్చిందక్కా.”

“నిజమే కదరా. నీళ్ళొత్తే మేడెక్కుతాం, పోతే దిగుతాం. మీ బావ కొట్టుకుపోయిన్రోజే అయిపోయింది నా భయం,” అంది సలోమి. తర్వాత, ఇంకోసారి కూర్చోనిస్తారా అని అడిగింది. నెలకొకసారి అవకాశం ఉంటుందని అతను చెప్పాడు. అయితే నెలయ్యాక కూర్చుంటానంది.

యంత్రం పొరబడిందని యోహాను ఇందుమౌళితో వాదించాడు. ఆమె కొలతలన్నీ తెప్పించుకుని చూసింది. యంత్రం పొరబడలేదు. ఆ మనిషిలో భయం లేదు. ఎక్కువ కాలం భయంలో బతికిన మెదడు ఒక దశలో భయపడటం మానేస్తుంది. ఇందుమౌళి దానికి భీతిక్షయం అని పేరు పెట్టింది. పాత కొలతలు తిరగేస్తే, వెనక్కి పంపిన వాళ్ళలో ఎక్కువమంది అందరికన్నా ఎక్కువ పోగొట్టుకున్నవాళ్ళేనని తేలింది.

ఆమె సభాసంఘం ముందుకు వెళ్ళి, భీతిక్షయాన్ని కూడా లెక్కలోకి తీసుకునేలా చట్టాన్ని సవరించమని కోరింది. రక్షణ పక్షం నాయకుడు వీరభద్రప్ప ఓపిగ్గా విన్నాడు.

“భయమున్నోళ్ళని రానిస్తిమి. ఇప్పుడు భయం లేనోళ్ళని గూడా రానీమంటున్నావు. ఇంగ ఎవరిని ఆపల్ల తల్లీ?” అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు.

సంస్కరణ పక్షం నాయకురాలు నీలవేణమ్మ బయట వరండాలో ఆమె చెయ్యి పట్టుకుని, చట్టాన్ని మళ్ళీ సభ ముందుకు తెస్తే ఉన్నది కూడా పోతుందనీ, ఎన్నికలయ్యేదాకా ఆగమనీ చెప్పింది. ఎన్నికలు వర్షాకాలం తర్వాత ఉన్నాయి.

నెల గడిచింది. సలోమి పేరు పిలిచే రోజు పొద్దున్నే యోహాను గుడారంలోకి వెళ్ళి, అక్క నీళ్ళకు వెళ్ళిన సమయం చూసి రూతును ఎత్తుకొచ్చాడు. గేటు లోపలి క్యాంటీన్లో కూర్చోబెట్టి ఇడ్లీలు పెట్టించాడు. రూతు వేసుకున్నలాంటి నీలం గౌను పిల్ల ఒకతి లోయ అంచున జారిందని తెలిసిన గార్డు చేత సలోమికి చెప్పించాడు. ఆమె బిందె పారేసి లోయ వైపు పరిగెత్తింది. సరిగ్గా అప్పుడే పేరు పిలిచారు. యోహాను ఎదురెళ్ళి ఆమె భుజాలు పట్టుకున్నాడు.

“మనుషులు దిగి వెతుకుతున్నారక్కా. లోయలోకి దారి గేటు అవతల ఉంది. ఇది దాటితేనే వెళ్ళగలం. కూర్చో.”

ఆమె కూర్చుంది. అంకె తెర పైకొస దాకా వెళ్ళింది. పచ్చదీపం వెలిగింది.

అవతలి తలుపు దగ్గర రూతు చేతిలో సగం ఇడ్లీతో నిలబడి ఉంది. సలోమి పిల్ల చేతులూ కాళ్ళూ తడిమి చూసుకుంది. తర్వాత తమ్ముడి ముఖంలోకి చూసింది. అతని ఇంటికి చేరేదాకా పిల్ల మణికట్టు వదల్లేదు.

యోహాను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. వరసలో కూర్చున్నవాళ్ళు అంతా చూశారు. కొద్ది రోజుల్లోనే గుడారాల్లోంచి పిల్లలు మాయం కావడం మొదలైంది. మేనమామలు, బాబాయిలు దాచేవాళ్ళు. తల్లి గేటు దాటాక తెచ్చి అప్పగించేవాళ్ళు. కానీ అందరికీ తెలిసిపోయాక ఆ దాచడం వల్ల ఎవరికీ భయం కలగలేదు. యంత్రానికి నిజమైన భయమే కావాలి. అందుకని ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆ తర్వాత మరొకటి.

పైన సభలో మరో రకంగా నడిచింది. పచ్చదీపాలు ఎక్కువయ్యాయి. ఇంతమందిని మోయలేమని, గడప స్థాయిని పెంచాలని రక్షణ పక్షం పట్టుబట్టింది. కింద పరిస్థితి ఎంత ఘోరంగా ఉందో అంకెలే చెబుతున్నాయని వాదించిన సంస్కరణ పక్షం, వచ్చినవాళ్ళకు ఇళ్ళు కట్టే బిల్లుకు అవతలివాళ్ళ ఓట్లు అవసరమై, చివరికి సరేనంది. గడప పెరిగింది. దానికి తగ్గట్టు కింద చేసేది కూడా పెరిగింది.

ఇందుమౌళి ఈ తేడాను కొలతల్లోనే పట్టుకుంది. నెలల తరబడి భయపడిన మనిషి రక్తంలో దాని ఆనవాళ్ళు పాతబడి ఉంటాయి. ఇప్పుడు వస్తున్నవన్నీ అప్పటికప్పుడు పుట్టిన భయాలు. ఆమె యోహానును పిలిచి అడిగింది. అతను జరిగింది జరిగినట్టు చెప్పాడు.

“ఆ పాప భయపడిందా?” అని అడిగింది ఇందుమౌళి.

“లేదు మేడమ్. తింటూ కూర్చుంది.”

ఇద్దరూ గేటు దగ్గరికి వెళ్ళారు. లోయ అంచున ఒక బండ ఉంది. వంతు దగ్గరపడ్డవాళ్ళు పిల్లల నడుముకు తాడు కట్టి ఆ బండ మీంచి కిందికి వేలాడదీస్తున్నారు. తాడు తండ్రి చేతిలో ఉంటుంది. తల్లి పేరు పిలిచేదాకా చూస్తూ నిలబడుతుంది. కొందరు తల్లులే అలా చెయ్యమని అడిగారట. వర్షాలు మొదలయ్యాయి, కింద ఇళ్ళు కూలుతున్నాయి, ఇక మళ్ళీ నెల ఆగే ఓపిక ఎవరికీ లేదు.

ఇందుమౌళి ఆపండని అరుస్తూ బండ వైపు వెళ్ళింది. ఆమె చేరేలోపే తడిసిన తాడు తెగింది.

అంతలో పేరు పిలిచారు. పక్కవాళ్ళు ఆ తల్లిని నడిపించుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టారు. పచ్చదీపం వెలిగింది, అవతలి తలుపు తెరుచుకుంది. ఆమె లేవలేదు. తర్వాతివాళ్ళ కోసం గార్డులు ఆమెను చంకల కింద చేతులు వేసి లేపాల్సి వచ్చింది.

మర్నాడు ఇందుమౌళి సభలో నిలబడి చూసిందంతా చెప్పింది. ఆ యంత్రాన్ని తయారుచేసింది తానేననీ, ఆపమని అడుగుతున్నదీ తానేననీ చెప్పింది. వీరభద్రప్ప కళ్ళు తుడుచుకుని లేచాడు.

“ఆ తాడు కట్టింది మన గార్డులా డాక్టరమ్మా?”

“కాదు.”

“పిల్లోళ్ళని కొండకి యాలాడదీయమని మన చట్టంలో రాసినామా?”

“లేదు.”

“సొంత బిడ్డల్ని అట్ల చేసేటోళ్ళు మన ఊళ్ళలోకి వచ్చినారంటే, మన బిడ్డల గతేంది?”

నీలవేణమ్మ ముందున్న ఫైలు మూసేసింది.

గేటు పూర్తిగా మూసెయ్యాలా వద్దా అన్నది ప్రజల ఓటుకు పెట్టారు. ఇందుమౌళి, యోహాను ఊరూరా తిరిగారు. జనం కుర్చీలు వేసి, టీలు ఇచ్చి, శ్రద్ధగా విన్నారు. చాలా ఘోరమండీ అన్నారు. తర్వాత తాడు సంగతి నిజమేనా అని అడిగారు. నిజమేనని చెప్పక తప్పేది కాదు.

యోహాను ఆశంతా వలస కాలనీల మీద పెట్టుకున్నాడు. గేటు దాటి వచ్చినవాళ్ళకూ ఓటుంది. ఆ స్టూలు మీద కూర్చున్న మనుషులకు తను కొత్తగా చెప్పాల్సిందేముంది?

ఫలితాలు వచ్చాయి. గేటు మూసెయ్యాలన్నవాళ్ళే నెగ్గారు. కాలనీల్లో పడ్డ ఓట్లు విడిగా ప్రకటించారు. పాత ఊళ్ళలో కన్నా అక్కడే మూసెయ్యాలన్నవాళ్ళు ఎక్కువ. ఇందుమౌళి ఆ ప్రకటన రెండుసార్లు విని రేడియో కట్టేసింది. యోహాను బయలుదేరి అక్క ఇంటికి వెళ్ళాడు.

సలోమి అతనికి టీ పెట్టి ఇచ్చి ఎదురుగా కూర్చుంది. మనిషి ఒళ్ళు చేసింది కానీ కళ్ళు ఒకచోట నిలవడం లేదు.

“నువ్వు దేనికేశావక్కా?”

“మూసెయ్యమనే ఏశాన్రా.”

అతను గ్లాసు కింద పెట్టాడు.

“ఆళ్ళు ఆ బండ మీద ఏం చేశారో ఇన్నావు కదా,” అంది సలోమి. “అలాటోళ్ళు వచ్చి ఈ ఈధిలో దిగితే? నేనొక్కదాన్నీ పిల్లని పెట్టుకుని ఎలా ఉండేది?”

“మొదట చేసింది నేనే కదక్కా.”

“నువ్వు మావోడివి. ఆళ్ళెవరో.”

సలోమి అతని జవాబు కోసం చూడలేదు. తల పక్కకు తిప్పి, వెనక గదిలోకి చెవి పెట్టి, రూతూ అని పిలిచింది.

“ఉన్నానమ్మా,” అంది పిల్ల లోపల్నుంచి.

సలోమి అతని టీ చల్లారిపోతోందని చెప్పింది. ఉద్యోగం ఎలా ఉందని అడిగింది. అతను నోరు తెరవబోయేలోగా మళ్ళీ పిలిచింది. పిల్ల ఆడుతున్న ఆట ఆపకుండానే, అలవాటైన గొంతుతో, ఉన్నానమ్మా అంది.