మెడపట్టు కల్వర్టు

కోంట నుంచి భేజ్జి పోయే దారిలో ఆ కల్వర్టుకు మంచి పేరు లేదు. అక్కడ బండి మీంచి పడ్డవాడు మొదట బాగానే ఉంటాడు. మాట్లాడతాడు, కాళ్లూ చేతులూ ఆడిస్తాడు. ఆసుపత్రికి చేరేసరికి మాత్రం మెడ కింద ఒళ్లంతా చచ్చుబడి ఉంటుంది. దారిలో దెయ్యం మెడ మీద ఎక్కి కూర్చుంటుందని మా ఊరు ఎప్పుడో తేల్చేసింది. పగలైతే పడ్డవాడితో సరిపెట్టుకుంటుందట. చీకటి పడ్డాక... ముట్టుకున్నవాణ్ణి కూడా వదలదట.

పోయిన వానాకాలం కోస అనే రైతు పట్టపగలే అక్కడ పడ్డాడు. మావాళ్ల మంచితనం గురించి చెప్పక్కర్లేదు. అంతా ఎగబడ్డారు. ఒకడు జుట్టు పట్టి తల లేపాడు, ఇంకొకడు నోట్లో నీళ్లు పోశాడు. కిరాణా కొట్టు భీమశంకరం తన బండి తెచ్చాడు. ముందు తాను, వెనక ఇంకొకడు, మధ్యలో కోస. ఇక్కడ దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి చేర్చే పద్ధతి అదే. ప్రతి గుంతకూ కోస తల అటూ ఇటూ వాలింది. సగం దారిలో చేతులు వేలాడిపోయాయి. రెండు రోజులకు మనిషే పోయాడు. అందరం దెయ్యాన్ని తిట్టాం, భీమశంకరాన్ని మెచ్చుకున్నాం.

మొన్న ఆ భీమశంకరమే పడ్డాడు. విన్నది విన్నట్టు చెబుతున్నా.

భేజ్జి సంత నుంచి వస్తుంటే చీకటి పడింది. సరిగ్గా కల్వర్టు మీద గొడ్డు అడ్డమొచ్చింది. బండి ఒకవైపు, ఆయన ఒకవైపు. మెడలో భరించలేని నొప్పి. వేళ్లలో చీమలు పాకుతున్నట్టు...

లేవబోయాడు —

తలకు రెండు వైపులా చల్లటి చేతులు.

"కదలకు..."

చెవి పక్కనే, గుసగుసగా. భీమశంకరం కళ్లు మూసుకున్నాడు. చిటికెన వేలు కూడా కదిలించలేదు.

కాసేపటికి టార్చిలైటు కనబడింది. సంత సామానుతో వెనక జీపులో వస్తున్న బావమరిది శివప్రసాద్, కొట్లో పనిచేసే రాంబాబు దిగారు. దిగి... దూరంగానే ఆగిపోయారు. శివప్రసాద్‌కు బావంటే ప్రాణం. కాకపోతే తన మెడ కూడా తనకు కావాలి. నువ్వు లేపంటే నువ్వు లేపని ఇద్దరూ మర్యాదలు చేసుకున్నారు. ఫోనులో శివప్రసాద్ అక్క, భీమశంకరం పెళ్లాం వరలక్ష్మి, ఆయన్ను కూర్చోబెట్టి నీళ్లు తాగించమని ఏడుస్తోంది. పాపం శివప్రసాద్ నీళ్ల సీసాను ఉన్నచోటు నుంచే దొర్లించాడు. అది కాలువలో పడింది.

చివరికి రాంబాబుకే ఉపాయం తట్టింది.

"సర్కారోళ్లకు ఫోన్ కొడదాం సాబ్. దూకితే వాళ్ల మెడల మీద దూకుతది."

అంబులెన్స్ వచ్చింది. అందులోవాళ్లు ఈ ప్రాంతానికి కొత్త, దెయ్యం సంగతి తెలియదు. ఒకడు తల కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంకొకడు మెడకు పట్టీ వేశాడు. తలా నడుమూ ఒక్కసారే తిరిగేలా దొర్లించి పలక మీదికి చేర్చి, కట్టి తీసుకుపోయారు.

జగదల్‌పూర్‌లో డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు చూసి, మెడ ఎముక విరిగిందన్నాడు. ఒక్కసారి లేపి కూర్చోబెట్టినా లోపలి నరం నలిగి కాళ్లూ చేతులూ పోయేవట. అంత జాగ్రత్తగా కదలకుండా ఉంచింది ఎవరని అడిగాడు.

శివప్రసాద్ గొంతు సవరించుకున్నాడు.

"మేమే సాబ్."

కోంటలో వాళ్లిద్దరికీ శాలువాలు కప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను.

నెల తర్వాత భీమశంకరాన్ని చూడ్డానికి వెళ్లాను. మెడకు పట్టీతో కొట్టు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లూ చేతులూ బాగానే ఆడుతున్నాయి. శాలువాల సంగతి గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది. ముట్టుకోని వాళ్లకు శాలువాలేంటి, అసలు నీ తల పట్టుకున్నది ఎవరని నిలదీశాను.

ఆయన గొంతు తగ్గించి చెప్పాడు.

"కోస. ఆ రోజు గదే మాట అన్నడు నాతోని... కదపకు సేఠ్, కదపకు అని. నేను ఇనలే."

అయితే కల్వర్టు దగ్గర దెయ్యం నిజమేనన్న మాట, అన్నాను.

మెడ తిప్పలేడు కదా... కళ్లు మాత్రం వాకిట్లోకి తిప్పాడు. మరమ్మతు చేయించి తెచ్చిన బండి అక్కడ స్టాండు వేసి ఉంది.

"మెడలు ఇరిచే దెయ్యం ఆడ లేదు. ఆ రోజు గా బండి నడిపింది నేనే."