చిరుగు లేని వల

నౌపడ ఉప్పుమళ్లు. అక్టోబర్ పద్నాలుగు. ఉదయం 6.50.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ మురళీమోహన్ గట్టు రాయి మీద తల ఆనించి వెల్లకిలా పడి ఉన్నాడు. తల వెనుక రక్తం. మెడలో బైనాక్యులర్స్. ఏటా వలస పిట్టల్ని లెక్కపెట్టడం తప్ప ఆయనకు వేరే వ్యసనం లేదు.

శవాన్ని చూసి ఫోన్ చేసినవాడు రాముడు. ఎస్సై యుగంధర్ అక్క మొగుడు.

“జారిపడిపోనాడేమోరా,” అన్నాడు రాముడు.

యుగంధర్ శవం పక్కన పడి ఉన్న నోట్‌బుక్ తెరిచాడు. చివరి వరుస: *6.05. జిట్టంగి పిట్టలు పన్నెండు. దిగబోయి, బెదిరి లేచిపోయాయి.*

దేనికి బెదిరాయి?

గట్టు మీద కర్రలు పాతిన గుంటలు రెండు. తాజావి. శవం గుప్పిట్లో జానెడు నైలాన్ వల ముక్క.

10.30కి, ఉప్పు బురద ఇంకా ఆరని వల దొరికింది. వలల వ్యాపారి హరిబాబు గోడౌన్‌లో. చాటుగా పిట్టల్ని కొంటాడని మురళీమోహన్ అతని మీద రెండుసార్లు కంప్లయింట్ ఇచ్చాడు. రాముడు అక్కడే బస్తాలు మోస్తాడు.

“నీదేనా?”

“ఇలాంటివి నా కొట్లోవే సార్. కానీ ఇదిక్కడికెలా వచ్చిందో తెలీదు. అయినా సూడండి, ఎక్కడైనా చిరుగుందా? ఆ ముక్క దీనిదెలాగవుతాది?”

నిజమే. అక్కడితో వదిలేస్తే బాగుండునని యుగంధర్‌కు అనిపించింది. అలా అనిపించినందుకే భయం వేసింది.

కళ్లు మూసుకుని వల మీద బొటనవేలు నడిపాడు. అన్నీ మెషిన్ ముళ్లు. నున్నగా ఉన్నాయి. ఒక్కచోట, జానెడు మేర, వేలికి గరుకు తగిలింది.

“హరిబాబూ, వల అల్లడం వచ్చా?”

“మా ఇంటా వంటా లేదు సార్. అమ్మడమే.”

యుగంధర్ ముక్కను ఆ జానెడు మీద పరిచాడు. సరిగ్గా సరిపోయింది.

“చిరుగును ఈ పొద్దే అల్లేశారు. కొత్త దారం. ముళ్లన్నీ ఎడమచేతివి.”

అక్క పెళ్లయిన కొత్తలో, ఒడ్డున కూర్చోబెట్టి, ఆ ముడి అతనికి నేర్పిన చెయ్యి ఒక్కటే.

తలుపు దగ్గర రాముడు బస్తా దించాడు.

“బావా.”

“వల కోసీడానికొచ్చినాడ్రా. లాక్కున్నాను. వదల్నేదు. తోసీసినాను. సచ్చిపోతాడనుకోనేదు.”

“మరి అల్లడమెందుకు? అలాగే పారేసుంటే నాకు...” యుగంధర్ ఆగిపోయాడు.

రాముడు అతన్ని వింతగా చూశాడు. “సిరిగిన వల అలగొగ్గీసి ఎలాగెల్తాన్రా?”

ఫోన్ మోగింది. రాణక్క.

“ఒరే, మీ బావ గంజైనా తాగనేదురా. కనిపించినాడేటి?”

యుగంధర్ బావ ఎడమచేతికి బేడీ వేశాడు.

“కనిపించినాడక్కా.”